శిశువిహార్‌లో శేషారత్నం

"ఈ పిల్లకి పళ్ళు రావాల్సినవి కావమ్మా, ఊడిపోయినవి. నేను చేర్చుకోను," అంది ఆయా అంతోనమ్మ, శిశువిహార్ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి.

నాగేశ్వరి కదల్లేదు. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డ అత్తగారు శేషారత్నం, లోపల ఊగుతున్న కొయ్యగుర్రం వంక నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఈ ఒక్కరోజుకీ అంతోనమ్మా. ఓ మూల కూర్చుంటుంది."

"నిన్నా అదే మాట. చివరికి పిల్లల బిస్కట్లన్నీ తినేసింది."

ఉద్యోగాలు చేసుకునే తల్లుల కోసం యూనివర్సిటీ వాళ్ళు క్యాంటీన్ వెనక గదిలో ఈ శిశువిహార్ తెరిచి ఏడాది కాలేదు. తల్లులు పిల్లల్ని ఇక్కడ దింపి, నిశ్చింతగా పని చేసుకుంటున్నారు. నాగేశ్వరి పాఠాలు టైపు చేసే సెక్షన్ పక్కనే.

గొడవ విని అసిస్టెంట్ రిజిస్ట్రార్ పట్టాభిరామయ్య వచ్చాడు.

"ఏమ్మా, మీ సీటు ఖాళీగా ఉంది. మీరేమో ఇక్కడ. ఇవాళ మీ అత్తగారంటారు, రేపు ఇంకొకాయన మేనమామని తెచ్చి ఉయ్యాల్లో పడుకోబెడతాడు."

"ఇంట్లో ఎవరూ లేరు సార్. మావారు షూటింగు లైట్లతో అవుట్‌డోర్ వెళ్ళారు. ఈవిడకి తుంటి నొప్పి, గబుక్కున లేవలేదు. తలుపు తీసి ఉంచితే ఎవరైనా దూరతారని రోజూ బయట తాళం వేసుకుని వచ్చేదాన్ని. ఈమధ్య మతి కూడా తప్పింది. మొన్న స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టి అలాగే కూర్చుంది. గదంతా పొగ. పక్కింటి రాములు తాళం పగలగొట్టి, 'గిట్ల బంద్ జేసి పోతే ముసలామె సస్తది గదమ్మా' అని నలుగురిలో నన్ను కడిగేశాడు."

"సెలవు పెట్టండి."

"ఇంకేం మిగల్లేదు సార్."

పట్టాభిరామయ్య చెడ్డవాడు కాదు. రూల్సులో ఎక్కడైనా సందు దొరికితే సాయం చేసే రకం. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బుద్ధి పసిపిల్లల స్థాయికి వచ్చేసిందని మన డిస్పెన్సరీ డాక్టరుగారు రాసిస్తే, ప్రత్యేక కేసుగా పైకి పంపుతాను. మతి బాగానే ఉందని రాశారా, నేనేం చెయ్యలేను. ఆవిడైనా ఇంట్లో ఉండాలి, మీరైనా ఇంట్లో ఉండాలి."

డిస్పెన్సరీలో డాక్టర్ శౌరి పెద్దావిణ్ణి తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నాగేశ్వరి గోడ పక్కన నిలబడింది.

"మీ పేరేంటమ్మా?"

"శేషారత్నం. మాది రేపల్లె."

స్పష్టంగా చెప్పింది. డాక్టరు కలం పక్కన పెట్టి, చిన్నగా నవ్వాడు. "బాగానే చెబుతున్నారే," అన్నాడు.

తప్పు చెప్పించు స్వామీ, అని మనసులోనే మొక్కుకుంది నాగేశ్వరి. మొక్కుకున్నాక ఏం మొక్కుకుందో అర్థమై, తల వంచుకుంది.

"ఈ అమ్మాయి ఎవరో తెలుసా?"

శేషారత్నం కోడలి వంక చాలాసేపు చూసింది.

"మా అమ్మ."

"మీకు పిల్లలెందరు?"

"నాకింకా పెళ్ళి కాలేదుగా," అని పైట చెంగు నోట్లో పెట్టుకుంది.

"ఇప్పుడు మీరెక్కడున్నారు?"

"బళ్ళో. పంతులుగారు కొడతారు. నేను పోతా."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మరి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు గాని, జవాబుల కోసం కాదు. కలం అందుకున్నాడు.

"ఇది తగ్గే జబ్బు కాదమ్మా. ఇంకా దిగజారడమే. కొన్నాళ్ళకి ఆ పేరు కూడా మర్చిపోతారు. మనసు గట్టి చేసుకోండి."

"రాసిస్తారుగా డాక్టరుగారూ?" అంది నాగేశ్వరి. తన గొంతులో ఆత్రం తనకే వినబడింది.

ఆ కాగితం చూసి పట్టాభిరామయ్య తృప్తిగా తలాడించాడు. "సంతకం రావడానికి నాలుగు రోజులు పట్టినా, రేపట్నుంచి తీసుకురండి. అంతోనమ్మకి నేను చెబుతాను," అన్నాడు. సెక్షన్లో అందరూ వచ్చి, అదృష్టవంతురాలివన్నారు. ఒకావిడ మిఠాయి కూడా అడిగింది.

సాయంత్రం అత్తగారి చెయ్యి పట్టుకుని బస్‌స్టాపుకి నడిపించుకుంటూ వచ్చింది నాగేశ్వరి. ఫిల్మ్ నగర్ వైపు స్టూడియో వ్యాన్లు దుమ్ము లేపుకుంటూ వెళ్తున్నాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో తనకి చారు పెట్టడం నేర్పిన మనిషి, అద్దె కట్టలేని నెలల్లో బంగారు గాజులు తీసి చేతిలో పెట్టిన మనిషి, ఇవాళ తనని అమ్మా అంది. ఆ మాటకి తాను బతికిపోయానని సంతోషించింది.

స్టాపులో సిమెంటు దిమ్మ మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, అటు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.

వెనక నుంచి శేషారత్నం ఆమె కొంగు పట్టి లాగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఏడవకే నాగేశ్వరీ. పేరూ ఊరూ అలవాటు కొద్దీ నోరు జారాయి గాని, తక్కినవన్నీ తప్పే చెప్పాను. ఇంక నన్ను లోపల పెట్టి తాళం వెయ్యవుగా?"