ఏనుగు కాళ్లు

“ఆపు, ఆపు!” అని వెనక సీట్లోంచి రామకిషన్ మళ్లీ అరిచాడు.

శంకర్రావుకు ఒళ్లు మండిపోయింది.

నాందేడ్ వజీరాబాద్‌లో పెద్ద బట్టల దుకాణం ఆయనది. గల్లా వెనక గోడకు జూలున్న సింహం ఫోటో పెట్టాలి, అదీ తన చేత్తో తీసిందే పెట్టాలి అన్నది ఆయన పంతం. దానికోసం గంపెడంత కెమెరా కొని, భార్య ఇందుబాయిని వెంటేసుకుని, గుంపు టూరులో కెన్యా దాకా వచ్చాడు. అడవిలో తిరగబట్టి మూడు రోజులైంది. సింహం తోక కూడా కనబడలేదు. ఎటు తిరిగినా కనబడేది భోకర్ ఊరి నుంచి వచ్చిన ఈ ముసలాయన రామకిషనే.

ఒక నగల దుకాణం దీపావళి లక్కీ డ్రాలో ఆయనకు మొదటి బహుమతి తగిలిందట. మోటారు సైకిలు కావాలా, ఆఫ్రికా టూరు కావాలా అంటే, ఇంట్లో వాళ్లంతా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా ఆఫ్రికా అన్నాడట.

సరే, వచ్చినవాడు వచ్చినట్టు ఉంటాడా?

జిరాఫీలు వస్తే కునుకు తీస్తాడు. చారల గుర్రాలు వస్తే వక్క కత్తిరించుకుంటాడు. ఏనుగు కనబడిందా, ఇక “ఆపు!”

ఆపితే చూసే తీరైనా సవ్యంగా ఉంటుందా అంటే, అదీ లేదు. అందరూ లేచి జీపు తెరిచిన పైకప్పులోంచి చూస్తుంటే, ఈయన ఒక్కడూ కిందికి వంగి, కిటికీలోంచి తల వేలాడేసి చూస్తాడు.

“ఏం చూస్తున్నవ్ కాకా?” అన్నాడు శంకర్రావు పళ్లు నూరుతూ.

“కాళ్లు, సేట్. గడ్డి నడుముల దాక పెరిగింది. కాళ్లే కనబడ్తలేవు.”

“ఏనుగును చూడనీకి వస్తే ఎవలన్న మొహం చూస్తరు. కాళ్లు చూసుడేంది?”

“మొహాలు మస్తు చూసిన.”

“ఏడ చూసినవ్? భోకర్ బజార్లనా?”

జీపంతా గొల్లుమంది. రామకిషన్ కూడా నవ్వాడు. నవ్వి, మళ్లీ వంగాడు.

“పోనియ్యుండ్రి, పెద్దమనిషి,” అంది ఇందుబాయి మెల్లగా.

“పెద్దమనిషైతే మోటర్‌సైకిల్ తీసుకొని ఇంట్ల కూసోవాలె. ఈడికొచ్చి మన పానం తీసుడెందుకు?”

ఆ మాట ముసలాయనకు వినబడింది. వినబడాలనే అన్నాడు మరి.

ఆఖరి రోజు పొద్దున జీపు ఒక ఎర్రమట్టి బాట పట్టింది. ఆ బాటకు అటూ ఇటూ గడ్డి తగలబడిపోయి నేల బోడిగా ఉంది. దూరంగా ఎత్తు గడ్డిలోంచి ఏనుగుల మంద కదిలి బాట వైపే వస్తోంది.

రామకిషన్ “ఆపు” అని అరవలేదు. ముందుకు వంగి శంకర్రావు భుజం మీద చెయ్యి వేశాడు.

“సేట్, అవి గడ్డి దాటి ఇటే వస్తున్నయి. జరసేపు.”

సరిగ్గా అప్పుడే డ్రైవర్ దగ్గరి వైర్‌లెస్ గరగరలాడింది. డ్రైవర్ వెనక్కి తిరిగి వచ్చీరాని హిందీలో చెప్పాడు. నది ఒడ్డున సింహం ఉందట. మగది, పెద్ద జూలుదట.

“చలో, చలో!” శంకర్రావు గంతేసినంత పనిచేశాడు.

“సేట్, దండం పెడ్త. ఒక్కసారి కాళ్లు చూసి పోదం.” ముసలాయన నిజంగానే చేతులు జోడించాడు.

“ఏందయ్యా నీ కాళ్ల లొల్లి! నాలుగు రోజుల సంది సతాయిస్తున్నవ్. నువ్వు ముఫత్ల అచ్చినవ్, మేము పైసలు పెట్టి అచ్చినం. డ్రైవర్, చలో!”

అందరికీ సింహమే కావాలి. జీపు గిర్రున తిరిగింది.

రామకిషన్ వెనక అద్దానికి మొహం ఆనించి కూర్చున్నాడు. జీపు లేపిన ఎర్రదుమ్ములో ఏనుగులు, బాట అన్నీ కలిసిపోయాయి.

సింహం దొరికింది. రాజాలాగా కూర్చుని, ఇటు తిరిగి మరీ ఫోటో ఇచ్చింది.

రామకిషన్ తల ఎత్తి చూడలేదు. తిరిగి ఇల్లు చేరేదాకా మళ్లీ ‘ఆపు’ అనలేదు. ‘పీడ వదిలింది’ అనుకున్నాడు శంకర్రావు.

తర్వాత ఒక ఆదివారం సాయంత్రం టూరు వాళ్లంతా నాందేడ్‌లో శంకర్రావు ఇంట్లో కలిశారు. ఫ్రేము కట్టిన సింహాన్ని అందరూ మెచ్చుకుంటుంటే ఆయన నేల మీద లేడు.

రామకిషన్ రాలేదు. బదులుగా ఆయన కూతురు ప్రణాలి వచ్చింది. చాయ్ కూడా ముట్టకుండా ఒక మూల నిలబడి, సందు చూసి దగ్గరికి వచ్చింది.

“అంకుల్, మీ ఫోటోలల్ల ఏనుగుల కాళ్లు కనబడేది ఒక్కటన్న ఉన్నదా?”

“మళ్ల కాళ్లేనా!” శంకర్రావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయినా ఆడపిల్ల అడిగింది కదా అని ఫోన్ తీసి వెతికాడు. ఉన్న ఏనుగులన్నీ సగం దాకా గడ్డిలోనే ఉన్నాయి. ఆ తర్వాత వరసగా సింహం, సింహం, సింహం.

“లేవు బిడ్డా. అసలు మీ బాపుకు ఈ కాళ్ల పిచ్చి ఏంది?”

ప్రణాలి ఆ గడ్డి ఫోటో వైపే చూస్తూ నిలబడింది.

“ఎవలన్న ‘ఆఫ్రికాల ఏం చూసినవ్’ అంటే, ‘గడ్డి చూసిన’ అంటున్నడు అంకుల్,” అంది.

కళ్లు తుడుచుకుంది.

“బాపు జిందగీ అంత సర్కస్‌ల గడిచింది, ఏనుగుల కాళ్లకు గొలుసులు బిగించుడే ఆయన పని, గొలుసు మచ్చ లేని ఏనుగు కాలు ఒక్కటన్న చూసి రావాలె అని పోయిండు.”