రంగు అంటని ఆకు

చింతపండు పులుసుతో తొట్టిని తోముతుంటే మొదట ఎర్ర నీళ్లు వచ్చాయి, తర్వాత నీలం నీళ్లు వచ్చాయి, చివరికి ఏ రంగూ లేని నీళ్లు వచ్చాయి.

వినోద అప్పుడు నడుము పట్టుకుని లేచింది.

ఆమె భర్త సదానందం కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులు వేస్తాడు. పని తగ్గాక రెండు సిమెంటు తొట్లలో ఒకటి ఊరికే పడి ఉంది.

అందులో ఆమె బంకమట్టి పోసింది. ఏటూరునాగారంలో ఉన్న అక్క పూలమ్మ పంపిన దుంపను, మొలక విరగకుండా, పసిపిల్లను పండబెట్టినట్టు మట్టిలో పడుకోబెట్టింది. పైన జానెడు నీళ్లు నిలిపింది.

"తామర పెట్టిన," అని వాడకట్టంతా చాటింది.

వాడకట్టు నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది సదానందమే.

ఎండలు ముదిరేసరికి గుండ్రటి ఆకులు నీటి మీద పరుచుకున్నాయి.

"కలువనే ఇది. కుంటల్ల గడ్డి లెక్క మొలుస్తది," అన్నాడు సదానందం.

"కలువాకుకు చీలిక ఉంటదయ్యా. దీనికి లేదు, సూడు."

ఆయన చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

ఇంతలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక పొయ్యి మీద రంగు మరుగుతోంది, ఇంకో పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి.

"పొద్దూకేసరికి ఆ తొట్టి ఖాళీ గావాలె. పీకి పారెయ్," అన్నాడు సదానందం.

వినోద తొట్టికి అడ్డంగా నిలబడింది. పువ్వు చూడకుండానే పీకేస్తే అది అందరి నోటా కలువగానే మిగిలిపోతుంది, తాను ఉత్త వాగుడుకాయగా మిగిలిపోతుంది. నలుగురిలో అన్న మాట మరి.

"జర ఆగరాదు. నీ రంగుతోనే అడుగుదాం," అంది. "ఆకు మీద ఒక్క సుక్క ఎయ్యి. కలువైతే అంటుకుంటది. తామరైతే నీ రంగును రానియ్యది."

సదానందం మీసాల్లోనే నవ్వుకున్నాడు. ఆయన రంగు పట్టనిదంటూ ఆ ఇంట్లో లేదు. నూలుకు పట్టింది, గోళ్లకు పట్టింది, గడపకు పట్టింది, ఆఖరికి వినోద పెళ్లిచీరకూ పట్టింది.

గిన్నెలో చల్లారిన ఎర్ర రంగులో వేలు ముంచి ఆకు మీద ఒక చుక్క విదిలించాడు.

చుక్క పూసలా నిలబడింది. ఆకు కదలగానే దొర్లుకుంటూ పోయి అంచు దాటింది. వెనక మరకైనా లేదు.

నీలం వేశాడు. నీలమూ అంతే.

నల్ల రంగు వేశాక ఇక వేలు ముంచలేదు. వంగి ఆ ఆకునే చూస్తూ ఉండిపోయాడు.

వినోద పెదవి కరిచి పట్టుకుంది. ఇప్పుడు నవ్వితే మగమనిషి చిన్నబోతాడు. లోపల మాత్రం పొంగిపోయింది, పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఎన్నడూ అంతగా పొంగింది లేదు.

సదానందం తువ్వాలకు చెయ్యి తుడుచుకుని బయటికి నడిచాడు. ఎదురింటి గట్టయ్యా రంగులవాడే. ఒకరినొకరు చేబదులు నిప్పుపుల్లయినా అడగరు.

సగం మూసిన తలుపు వెనక నుంచి వినోద విన్నది.

"గట్టన్నా, నీ తొట్టి జర వారం దాక ఇయ్యరాదు."

"నువ్వచ్చి నన్ను అడుగుడా! నీ తొట్టికేమైంది?"

"ఖాళీ లేదే. అండ్ల మా వినోద తామర పెట్టింది."

పెళ్లయినప్పటి నుంచి ఆయన నలుగురిలో పెళ్లాం పేరు ఎత్తింది లేదు.

"తామరేనా? మరి పువ్వేది?"

"పూస్తది. తొందరేమున్నది?" అన్నాడు సదానందం, వాడకట్టంతా వినేటట్టు. "నమ్మకుంటే అచ్చి సూస్కో."

వినోద వాకిలి తలుపు బార్లా తీసింది.