ఐసుపెట్టె మర్యాద

మణికంఠ డిసర్టేషన్‌ను ప్రొఫెసర్ గోపాలకృష్ణ తిప్పి పంపడం ఇది రెండోసారి.

"ఊళ్ళో ఉన్నావు గానీ ఊరివాడివి కాలేదు. వాళ్ళు నిన్ను తమ పడవ ఎక్కించుకునేదాకా ఇది పరిశోధన కాదు, విహారయాత్ర" అని మెయిల్ పెట్టారు. మూడోసారి కూడా అదే మాటయితే మణికంఠ ఎమ్మే ఆంత్రోపాలజీ ఇంకో ఏడాది చదవాలి.

యానాంలో మణికంఠ చెయ్యని ప్రయత్నం లేదు. లుంగీ కట్టాడు. గడ్డం పెంచాడు. వల అల్లుతున్న వాళ్ళ పక్కన చతికిలబడి, మీ సంస్కృతిలో వల దేనికి సంకేతం అని అడిగాడు. చేపలకండి, అన్నారు వాళ్ళు. ఆ తర్వాత అతను కనబడితే పక్కసందులోంచి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇక్కడ కుదరక ఓ రోజు వంతెన దాటి అవతలి రేవుకు పోయాడు. యానాం పుదుచ్చేరిది, అది ఆంధ్రా. అక్కడ ఆగే ప్రతి పడవనూ ఒక హెడ్ కానిస్టేబుల్ తనిఖీ చేస్తాడు. మణికంఠ ఆయన్ని పట్టుకుని, వాళ్ళింట్లో మేనరికాల గురించి అడగడం మొదలుపెట్టాడు. హెడ్డు వాచీ చూసుకున్నాడు. రాని ఫోను ఎత్తి మాట్లాడాడు. అయినా ముత్తాత పెళ్ళిదాకా మణికంఠ వదల్లేదు.

తనిఖీ కోసం వరసలో ఉన్న యానాం జాలరి లూయిస్ తన పడవలోంచి ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు.

ఆ సాయంత్రమే లూయిస్ మణికంఠ గది వెతుక్కుంటూ వచ్చాడు.

"శనివారం మా పడవలో వద్దురుగానండి బాబూ. అవతల చేపలు దింపేసి వచ్చేద్దాం."

మణికంఠకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శనివారం పొద్దున్నే లూయిస్ భార్య తెరేసా పడవలో ఐసుపెట్టె మీద ఉతికిన తువ్వాలు పరిచింది.

"అతిథి దీనిమీదే కూర్చోవాలండి. అవతలి రేవు దాటేదాకా లేవకూడదు. మా తాతల నాటి ఆనవాయితీ" అన్నాడు లూయిస్.

తాతల కాలంలో ప్లాస్టిక్ పెట్టె ఎక్కడిదన్న అనుమానం రానంతగా మణికంఠ అప్పటికే చదువుకున్నాడు.

ప్రతి శనివారం అదే మర్యాద. అవతల హెడ్డు దూరం నుంచే మణికంఠను పోల్చుకుని, పొండి పొండి అని చెయ్యి ఊపేసి టీ కొట్టు వెనక్కి మాయమయ్యేవాడు. 'స్థానిక ఆచారాన్ని అధికార వ్యవస్థ సైతం గౌరవిస్తుంది' అని మణికంఠ రాసుకున్నాడు. 'జలపీఠం' అని పేరుపెట్టి ఏకంగా ఓ అధ్యాయమే నింపాడు.

ప్రొఫెసర్ పొంగిపోయారు. ఆ ఆచారాన్ని కళ్ళారా చూసి, అక్కడికక్కడే సంతకం పెడతానని స్వయంగా బయల్దేరి వచ్చారు. ఆయనది భారీ విగ్రహం. కారు దిగుతూనే డ్రైవరును మీ ఇంటిపేరేమిటి, మీ గోత్రమేమిటని అడుగుతున్నారు. పాపం డ్రైవరు స్టీరింగు వదల్లేక విశాఖ నుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఈ ఒక్క పూట లూయిస్ మర్యాద మరిచిపోతే ఏడాది గోదారిపాలు. మణికంఠ అతని వైపు దీనంగా చూశాడు.

లూయిస్ ప్రొఫెసర్‌ను చేతులు జోడించి పలకరించాడు. ఆయన అడిగిన మొదటి అరడజను ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతని ముఖం వెలిగిపోయింది.

"మా గురువుగారు బాబాయ్. ఆ మర్యాద ఈయనకీ చెయ్యాలి" అని బతిమాలాడు మణికంఠ.

"అయ్యో, మీకంటే ఘనంగా చేస్తామండి."

ప్రొఫెసర్ పడవను ఫొటోలు తీసుకుంటూ, జేబులోంచి పెన్ను కూడా బయటికి తీశారు.

లూయిస్ తన భార్య పక్కకు వెళ్ళి, తాడు విప్పుతున్న మణికంఠ దగ్గర్లోనే ఉన్నాడని చూసుకోకుండా గొంతు తగ్గించాడు.

"తెరేసా, ఈయన్ని చూస్తే ఆ హెడ్డు ఊరొదిలి పారిపోతాడు గానీ, ఇవాళ పైన చేపలు కప్పడం మానేసి, పెద్దపెట్టె తీసి నిండా బ్రాందీ సీసాలే సర్దెయ్."