బయట గడియ

"కోట తలుపుకి గడియ బయటెందుకుందండీ?"

సభ గొల్లున నవ్వింది. అడిగిన మనిషి మూడో వరుసలో మైకు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది. చుట్టూ నవల్లోని పాత్రల వేషాలేసుకొచ్చిన అభిమానులు: అట్ట కత్తులు, అట్ట కిరీటాలు, ఒక డ్రాగన్ తోక. వాటి మధ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అతనొక్కడే దారి తప్పి వచ్చినవాడిలా కనిపిస్తున్నాడు.

"నేను వడ్రంగినండీ. 'నల్లకోట' నాలుగు భాగాలూ చదివాను. నాలుగింట్లోనూ అదే తప్పు. ఏ కోటకైనా గడియ లోపలుంటుంది, శత్రువు రాకుండా. బయట పెడితే వాడే తీసుకుని వచ్చేయడూ?"

మళ్లీ నవ్వులు. వేదిక మీదున్న రచయిత్రి మాత్రం కుర్చీ అంచుకి జరిగింది. నాలుగేళ్లుగా ఆవిడ ఎదురుచూస్తున్న ప్రశ్న అది. ఇన్ని సభల్లో డ్రాగన్‌కి ఎన్ని పళ్లని అడిగారు, రాకుమారికి పెళ్లెప్పుడని అడిగారు, గడియ గురించి అడిగిన నాథుడు లేడు. గబగబా మైకు అందుకోబోయింది.

అది అప్పటికే భర్త చేతిలో ఉంది.

"పొరపాటేనండీ, ఒప్పేసుకుంటున్నాం!" అన్నాడాయన. "మా ఆవిడకి డ్రాగన్లు తెలుసు గానీ తలుపుల సంగతేం తెలుసు చెప్పండి? ఐదో భాగం సోమవారం అచ్చుకి వెళ్తోంది. అందులో గడియ లోపలికి మార్పించే పూచీ నాది. పాత భాగాల్లో కూడా మార్పించేస్తాం."

చప్పట్లు మోగాయి. భర్తంటే అలా ఉండాలని ముందు వరుసలో ఒకావిడ పక్కావిడతో పైకే అంది.

నిజమే, ఆయన అన్నీ చూసుకుంటాడు. మంచినీళ్ల సీసా ఆయనే మోస్తాడు. ఆవిడ ఫోను ఆయన జేబులోనే ఉంటుంది. పాఠకుల ఉత్తరాలు ఆయనే చదివి, ఆయనే జవాబులు రాసేస్తాడు. పొద్దున ఎనిమిదింటికి ఆవిణ్ణి రాసే గదిలోకి పంపి తలుపేస్తాడు. ఒంటిగంటకి తీసి, భోజనం పళ్లెం లోపల పెట్టి, రాసిన కాగితాలు పట్టుకుపోతాడు. పది పేజీలు కాకపోతే సాయంత్రం కూడా తలుపు తెరుచుకోదు. ఆ గదికి గడియ బయటే ఉంది.

ఎవరికీ చెప్పుకోలేదా అంటే, చెప్పుకుంది. పోయినేడు ఇలాంటి సభలోనే, నిర్వాహకురాలి చెవిలో. ఆ నిర్వాహకురాలు విరగబడి నవ్వింది. "అబ్బ, ఎంత బాగా అల్లారండీ! వచ్చే భాగంలో పెట్టేయండి!" అంది. అంతటితో ఊరుకోకుండా ఆ మాట తీసుకెళ్లి ఆయన చెవిన కూడా వేసింది. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఎలా గడిచిందో రచయిత్రి ఇక ఎవరికీ చెప్పలేదు. కల్పనలు రాసేవాళ్ల ఖర్మ ఇంతే. నిజం చెబితే కథంటారు, కథలో నిజం రాస్తే తప్పంటారు.

ఇక మిగిలింది పుస్తకాల్లోని ఆ ఒక్క గడియే. సోమవారంతో అదీ పోతుంది.

మధ్యాహ్నం సంతకాల బల్ల దగ్గర వడ్రంగి వంతు వచ్చింది. భర్త పక్క కుర్చీలోనే ఉన్నాడు. సిరా ఆరిందో లేదో చూసే వంకతో ఆవిడ రాసిన ప్రతి మాటా చదివి, అప్పుడు గానీ పుస్తకం వదలడం లేదు.

"వచ్చారా గడియగారూ!" అన్నాడు తలెత్తకుండానే. "నవ్వించి చంపారు పొండి."

వడ్రంగి నవ్వలేదు. మొదటి భాగం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. పేజీ మధ్యలో ఒక వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది.

"ఇక్కడమ్మా. 'నల్లకోట గడియకి నాలుగు మరమేకులు. మూడు ఇనుపవి, ఒకటి ఇత్తడిది.' ఇది ఊహించి రాశారా?"

ఆవిడ చేతిలో కలం ఆగిపోయింది. బల్ల కింద భర్త బూటు వచ్చి ఆవిడ పాదం మీద ఆనింది.

"ఊహేనండీ, అంతా ఊహే," అన్నాడాయన. "ఆవిడకేం, కూర్చున్నచోటే కోటలు కట్టేస్తుంది."

"నేను అమ్మని అడిగానండీ."

పాదం మీద బరువు పెరిగింది. ఆవిడ పుస్తకంలోకే చూస్తూ, "చూసి రాశాను," అంది. ఆ గొంతు ఆవిడకే సరిగ్గా వినిపించలేదు.

వడ్రంగికి వినిపించింది. కాస్త ముందుకి వంగాడు.

"ఇత్తడిది పైదా, కిందదా? పుస్తకంలో అది రాయలేదు మీరు."

"కింద. ఎడమవైపు."

"ఇక చాల్లెండి," అంటూ భర్త లేచాడు. "వెనకాల జనం ఉన్నారు, కదలండి. తప్పు దిద్దుతామని చెప్పాం కదా, ఇంకేం కావాలి మీకు?"

"దిద్దాల్సింది పుస్తకంలో కాదు సార్." వడ్రంగి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. వరుసలో చివరి మనిషికి కూడా వినపడేలా అన్నాడు.

"ఆ రోజు నా సంచిలో ఇనుప స్క్రూలు మూడే ఉన్నాయి, అందుకే నాలుగోది ఇత్తడిది బిగించాను. సామాన్ల గదికి అని కదా సార్, అప్పుడు మీరు నాతో చెప్పింది?"