ఆయన్ని అడిగొస్తా

మధ్యాహ్నంలోగా కావలసిన పనులు ఇవి. ఐసుగడ్డ తెప్పించాలి. కల్లుప్పు దంచాలి. కంట్రాక్టరు పర్వతాలు సాబు కారు రేడియేటరులో నీళ్లు దింపాలి. ఇంజినులో వేడి కొలిచే బల్బు విప్పాలి. టంకం కడ్డీ కాల్చాలి. కూతురు మేబెల్‌కి అన్నం పెట్టి బడికి పంపాలి. లోపలి గదికి పరదా వెయ్యాలి.

సలోమి ఒక్కొక్కటే ముగించుకుంటూ వచ్చింది. 1949 ఏప్రిల్ ఎండలు. సీతాఫల్‌మండిలో ఆ రేకుల షెడ్డు పొద్దున్నే కుంపటిలా కాలుతోంది.

కార్లు బాగుచేసే ఆ షెడ్డు సామ్యూల్ మేస్త్రీది. బందరు నుంచి వచ్చి సికింద్రాబాదులో ఇరవై ఏళ్లు పేరు నిలబెట్టుకున్నవాడు. పోయిన సెప్టెంబరులో, పోలీసు చర్య నాటి గడబిడలో, ఆయన నడుముకు దెబ్బ తగిలిందనీ, మంచం దిగలేడనీ భార్య సలోమి షెడ్డుకొచ్చే గిరాకీలకు చెప్పింది. ఆయన మంచం మీద నుంచి చెబితే తను చేస్తానంది. వాళ్లు ఒప్పుకున్నారు. బుర్ర మేస్త్రీది అయితే చాలు వాళ్లకి. ఆ నమ్మకం ఒక్కటి పోతే షెడ్డు మూతే. మేబెల్ బడి మానాల్సిందే.

“వదినె, ఇయ్యాల సాబ్ తనే వస్తడట,” అన్నాడు భద్రయ్య, ఐసుగడ్డ గోనెలోంచి దించుతూ. కంట్రాక్టరు పర్వతాలు దగ్గర డ్రైవరు అతను. సామ్యూల్‌తో పదేళ్ల స్నేహం. “మేస్త్రీ చెయ్యి పడ్డదో లేదో చూస్తడట. లేకుంటే కారు బోయిన్‌పల్లిల ఇంకో షెడ్డుకు తీస్కపోతడట.”

“రానీ,” అంది సలోమి.

“సాబ్ పోతే మిగిలిన గిరాకీలు సుత పోతరు.”

“తెలుసు భద్రయ్యా. ఆ ఉప్పు ఇలా ఇయ్యి.”

కారు పాతది. ముప్పై నాలుగు మోడలు. స్టీరింగు ముందు వేడి చూపే డయలు ఉంది. దాని వెనక నుంచి ఒక సన్నని రాగి గొట్టం ఇంజినులోని బల్బు దాకా వెళ్తుంది. ఆ గొట్టం చిట్లి ముల్లు పడిపోయింది. లారీ తుక్కులో ఒక మంచి బల్బు, గొట్టంతో సహా దొరికింది. దాన్ని ఈ డయలుకు అతకాలి. తంటా అక్కడే ఉంది. గొట్టం కోయగానే బల్బులోని మందు ఆవిరైపోతుంది. ఐసులో, ఉప్పులో పాతిపెడితే కాసేపు ఆగుతుంది. ఆ కాసేపట్లో టంకం పడాలి. చెయ్యి వణికిందా, అంతే. ఇంకో బల్బు ఊళ్లో లేదు.

డయలు, లారీ బల్బు, ఐసు గిన్నె, టంకం కడ్డీ పట్టుకుని సలోమి పరదా వెనక్కి వెళ్లింది.

ముప్పావు గంటకి బయటికొచ్చింది. అతుకు పడ్డ చోటు వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. భద్రయ్య తడిమి చూశాడు. తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

పర్వతాలు గొడుగు మడుస్తూ వచ్చాడు. “ఏందమ్మా, అయ్యిందా? రేపు వరంగల్లు పోవాలె. నడిమిట్ల ఇంజను కాలితే నన్ను ఎవరు మోస్తరు, నువ్వా?”

“మరిగే నీళ్లలో ముంచి చూపిస్తానండి.”

స్టవ్వు మీద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. బల్బు ముంచింది. డయలు మీద ముల్లు లేచింది. ఫారన్‌హీటు లెక్కలో రెండొందల ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

పర్వతాలు నవ్వాడు. “నాకు సుత ఎరుకే. మరిగే నీళ్లంటే రెండొందల పన్నెండు. డయలు మీదనే గీత ఉంది. నాలుగు తక్కువ! గిది మేస్త్రీ పనా, ఆడోళ్ల పనా?”

జవాబు సలోమి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

“ఆయన్ని అడిగొస్తా.”

పరదా వెనక ఆమె గొంతు సన్నగా వినిపించింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఆమె గొంతు. తిరిగొచ్చింది.

“పన్నెండనేది సముద్రం పక్కన లెక్కటండీ. బందరులో అయితే అంతకు మరుగుతాయట. మన ఊరు ఎత్తు మీద ఉంది, ఇక్కడ ఎనిమిదికే మరుగుతాయి. ముల్లు సరిగ్గానే ఉందని చెప్పమన్నారు.”

పర్వతాలు ఒక్క క్షణం ఆలోచించి తొడ చరిచాడు. “అగో! మేస్త్రీ అంటే గిట్లుండాలె! జెర జరుగమ్మా, మొకం చూసి సలాం చెప్పి పోత.”

పరదా వైపు నడిచాడు.

భద్రయ్య అడ్డం వచ్చాడు. “వద్దు సాబ్. దెబ్బ ఒక్కటే కాదు. క్షయ సుత పట్టిందన్నరు.”

ఆ మాట సలోమికీ కొత్తే. కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత ఆపుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

పర్వతాలు రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “అయ్యో బిడ్డా! ఇన్ని దినాలు చెప్పకపోతివి.” అక్కడి నుంచే గొంతెత్తాడు. “మేస్త్రీ! పరేషాన్ కాకు. నీ పాణం ఉన్నన్ని దినాలు నా కారు ఈ షెడ్డుకే వస్తది!”

బదులు కోసం చెవి ఒగ్గాడు.

“నిద్ర పట్టినట్టుందండి,” అంది సలోమి.

బల్బు బిగించి, నీళ్లు పోశాక భద్రయ్య కారు తీశాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి ఆమెనే చూశాడు.

బోయిగూడ శ్మశానం వైపు ఎప్పుడైనా వెళ్తే, గోడ వారన ‘సామ్యూల్, మోటారు మేస్త్రీ, 15 సెప్టెంబరు 1948’ అని చాలా ఏళ్ల తర్వాత చెక్కించిన చిన్న రాయి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఊరంతా తలుపులు బిగించుకున్న ఆ పగలు ఆ గుంత తమ చేతులతో తవ్విన ఇద్దరినీ, భద్రయ్యనూ సలోమినీ, గుర్తు చేసుకోండి.