ఆపాలా, తగ్గించాలా

మార్చి 12, ఉదయం ఎనిమిది. కాగితాలు మధ్యాహ్నం అచ్చుకు వెళ్తాయి కనుక ఇప్పుడే రాసిపెడుతున్నాను.

పగడపు దిబ్బలను కాపాడడానికి ఇరవై మూడు దేశాలు సంతకాలు పెట్టిన ఒప్పందాన్ని నా మనవరాలు మన భాషలోకి మార్చింది. తప్పులు చూడమని నాకిచ్చింది.

ఏడో షరతు దగ్గర నా కలం ఆగింది. సముద్రం అడుగును ఊడ్చే వలల వాడకం ‘ఆపాలి’ అని అసలు ప్రతిలో ఉంది. తను ‘తగ్గించాలి’ అని రాసింది.

“ఇదేమిటే?”

“చిన్న మాటేగా నానమ్మా! అంత పట్టించుకుని ఎవరు చదువుతారు?” గోళ్ళు కొరుకుతూ గదంతా తిరుగుతోంది.

“రేవులో ప్రతివాడూ చదువుతాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నా చెవిలో పువ్వులు పెట్టకు.”

“ఆపాలి అని పడితే నాన్న పడవ ఒడ్డెక్కాల్సిందే!” అంది ఏడుపు గొంతుతో.

“ఆ సంగతి నీకంటే ముందు నాకు తెలుసు. కూర్చో, కాళ్ళరిగిపోతాయి.”

ఇక జరగవలసినవి:

1. ‘ఆపాలి’ అని నేను దిద్దిన ప్రతి మీద మనవరాలు సంతకం చేయాలి.

2. వాళ్ళ నాన్నకు తను చెప్పకూడదు. నా కొడుక్కి నేనే చెబుతాను.

3. పడవ లైసెన్సు ఇవాళే రేవు ఆఫీసులో వాపసు ఇచ్చిరావాలి. నేనే వెళ్ళాలి, అది నా పేరు మీదే ఉంది.