ఎరుపు వెలిసిన సీసా

"బోరు నీళ్ళే తాపు. బాయి నీళ్ళు ముట్టనియ్యకు, చెప్తున్న!" ఫోన్లో భార్య మీద అరిచాడు హన్మాండ్లు.

అవతల ప్రమీల నసిగింది. "అత్తమ్మ బాయి నీళ్ళే తాగుతది గదా. డెబ్బై ఏండ్లొచ్చినా కట్టె లెక్క నడుస్తది."

"అది మొండి ముసల్ది. నా బిడ్డ సంగతి జూడు."

ఆ బిడ్డ భరణి. తొమ్మిదేళ్ళది. పళ్ళ నిండా గోధుమరంగు మచ్చలు, మోకాళ్ళు వంకర. మీ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, ఇప్పుడే మానేస్తే కాళ్ళు ఇంకా వంగకుండా ఆపొచ్చన్నాడు డాక్టరు. ఏ నీళ్ళో ఆయనకేం తెలుసు? పరీక్షకని నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. దోహాలో ఉన్న తండ్రికి అన్నం సయించడం లేదు.

అందుకే ఊరికి సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చిన లేబర్ క్యాంపు మనిషితో బావివో సీసా, బోరువో సీసా నీళ్ళు తెప్పించుకున్నాడు. శుక్రవారం నమాజు ముగిసి కొట్లు తెరవగానే అల్ దోహా అల్ జదీదా పేటలో నిసార్ అహ్మద్ సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకు పరిగెత్తాడు.

నిసార్‌ది బోధన్. పాత సామాన్లతో ఏదో ఒకటి చేయందే చెయ్యి ఊరుకోదు. ఖర్జూరం డబ్బా లోపలంతా నల్ల టేపు అంటించాడు. ఒక పక్క టార్చి బల్బు, ఎదురుగా వెలుతురు కొలవడానికి పగిలిన పాత ఫోను, మధ్యలో కడిగిన అత్తరు సీసా. సీసాలో నీళ్ళు పోసి ఎర్రమందు కలపాలి. ఫ్లోరైడ్ ఉంటే ఎరుపు వెలిసిపోతుంది, సీసాలోంచి వెలుతురు ఎక్కువ దాటి ఫోనులో అంకె పెరుగుతుంది. అదీ యంత్రం! కొన్న మంచినీళ్ళతో ముందే సరిచూసుకున్నాడు.

"ఫస్ట్ బాయిది పొయ్యి భాయ్. దాని బండారం బయటపడాలె."

బావి నీళ్ళలో ఎరుపు చెక్కు చెదరలేదు. నిసార్ మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"ఇది సాఫ్ ఉన్నది భాయ్. బోరుది ఇయ్యి."

"దాన్ని చూసేదేమున్నది? అమృతం అది."

"అరే, తెచ్చినవ్ గదా!"

మందు పడింది. కళ్ళముందే ఎరుపు పాలిపోయింది. ఫోనులో అంకె ఎక్కుతూనే ఉంది.

 బిడ్డకు దాహం వేయకపోయినా ఆ నీళ్ళే తాపమన్నాడు హన్మాండ్లు. వద్దంటే బతిమాలి, ఫోన్లో కథలు చెప్పి మరీ తాగించాడు. అయ్యో, ఎంత పని చేశాను అని లోలోపల కుమిలిపోయాడు.

నిసార్‌కు మాత్రం ఒళ్ళు మండింది. "యా అల్లా! పసిపిల్లల నోట్ల విషం పోసిండు గదా! ఎవడు భాయ్, ఆ బోరు ఏపిచ్చినోడు? ఊరోళ్ళు వాన్ని ఊకెనే ఇడిసిపెట్టిన్రా?"

"శాలువ కప్పిన్రు," అన్నాడు హన్మాండ్లు, వెలిసిన సీసా మీంచి చూపు తిప్పకుండా. "బిడ్డ పుట్టిందని, ఈ దోహల రెండేండ్లు చేసిన కష్టం పెట్టి ఆ బోరు నేనే ఏపిచ్చిన."